ఇల్లు ఇండిపెండెంటు, ఇల్లాలు డిపెండెంటు

మొన్న ఆదివారం పొద్దున్న మా వారు హాల్లో బల్ల ముందు కూర్చుని ఆరోగ్య కార్డు ఫారం నింపుతున్నారు. ఆయన ఫారం నింపడమంటే మా ఇంట్లో చిన్నపాటి శుభకార్యం. అందరూ అందుబాటులో ఉండాలి. "అందరూ" అంటే నేనే.

"ఏమోయ్, నా కళ్ళజోడేదీ?"

"ఫ్రిజ్ మీద."

"పెన్షన్ కాగితాలు?"

"బీరువాలో రెండో అర. ఎర్ర సంచీ."

"నా బ్లడ్ గ్రూపేమిటి?"

"బి పాజిటివ్."

"పోయిన యేడు గుండె డాక్టరు రాసిన మాత్రల పేరు?"

అదీ చెప్పాను. పోపులో ఆవాలు చిటపటలాడుతున్నా స్టవ్ తగ్గించి మరీ చెప్పాను. అప్పుడు వచ్చిందండీ అసలు మాట. "సరే, డిపెండెంట్స్ కాలంలో నీ పేరు రాస్తున్నా. స్పెల్లింగు చెప్పు."

ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురం తర్వాత పేరు స్పెల్లింగు అడిగినందుకు నాకు కోపం రాలేదు. ఆ పాటి మరపు అందరికీ ఉంటుంది. కళ్ళజోడు మొదలు రక్తం దాకా తన వివరాలన్నీ నన్నడిగి రాసిన మనిషి, చివరికి నన్ను తన మీద ఆధారపడిన ప్రాణిగా రాసుకోవడం చూసి ఒళ్ళు మండింది. "ఎవరి మీద ఎవరండీ డిపెండెంటు?" అన్నాను గరిటె పట్టుకునే. "నేనన్నానా? ఫారంలో అలాగే ఉంది" అన్నారు ఆయన. మగవాళ్ళకి ఫారాలు పెద్ద అండ సుమండీ. తాము అనలేని మాటలు అవి అనిపెడతాయి.

ఆ మాట సంగతి కాస్త చూద్దామని ఆ మధ్యాహ్నం అమ్మాయి కాలేజీ రోజుల్లో కొన్న నిఘంటువు దుమ్ము దులిపాను. డిపెండ్ అన్న మాట లాటిన్‌లోంచి వచ్చిందట. అక్కడ దానికి కిందికి వేలాడటం అని అర్థం. మెడలో వేలాడే పెండెంటు, గోడగడియారంలో ఊగే పెండ్యులం, ఇంట్లో వంట చేస్తున్న నేను, ముగ్గురం ఒక తల్లి పిల్లలమన్నమాట. ఆ నామవాచకాన్ని ఇంగ్లండు వాళ్ళు చివర్లో 'ఏ' పెట్టి, అమెరికా వాళ్ళు 'ఇ' పెట్టి రాస్తారట. ఎవరు ఎలా రాసినా వేలాడటం మాత్రం తప్పలేదు.

మన మాట చూడండి. ఆధారం అంటే పట్టి నిలిపేది. "ఆ ఇంటికి ఆవిడే ఆధారం" అని మన అమ్మమ్మలు చెప్పుకునేవారు. ఆధారం అన్నది మొయ్యడం గురించిన మాట. ఫారాన్ని తెలుగు చేసిన మహానుభావుడు మాత్రం "ఆధారపడినవారి వివరాలు" అని రాసి, మోసేవాళ్ళని పడినవాళ్ళలో కలిపేశాడు.

మాటదేముందిలే అనుకుంటారేమో. ఈ మాట మన తెలుగిళ్ళలోకి వచ్చి ఎన్ని వేషాలు వేస్తోందో గమనించారా? పెళ్ళి సంబంధాల దగ్గర "అబ్బాయికి డిపెండెంట్లెవరూ లేరండీ" అంటారు గొప్పగా. అంటే ముసలి అమ్మానాన్నల్ని చూసుకోనక్కర్లేదని అర్థం! అదే సింగరేణి వైపు వెళ్ళండి. అక్కడ "డిపెండెంట్ ఉద్యోగం" అన్న మాట వింటే ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొస్తుంది. తండ్రి గనిలో పనికి పనికిరాకుండా పోతేనో, ప్రాణమే పోతేనో బిడ్డకి దొరికే బతుకుతెరువు అది. కొడుక్కి నిచ్చెన అయిన మాట భార్యకి మేకు అయింది.

ఇక మా బాలాపూర్ సంగతి. ఇటు మీర్‌పేట, అటు ఎల్.బి.నగర్ దాకా గోడల మీదా కరెంటు స్తంభాల మీదా చూడండి: "ఇండిపెండెంట్ హౌస్ అమ్మబడును." నూటయాభై గజాల్లో రెండు గదులేసి చుట్టూ గోడ కడితే చాలు, ఇల్లు ఇండిపెండెంటు అయిపోతుంది. ఆ ఇంటికి నీళ్ళు పట్టి, పన్ను కట్టి, బోరు పాడైతే మెకానిక్కుని పిలిపించి, అద్దెకున్న కుర్రాడి దగ్గర అద్దె వసూలు చేసే ఇల్లాలు మాత్రం డిపెండెంటు.

ఆ కుర్రాడి మాట వచ్చింది కాబట్టి పోయినేటి వర్షాకాలంలో జరిగింది చెప్పాలి. రాత్రి రెండు గంటలప్పుడు మా వారికి గుండెల్లో నొప్పి. మేడమీది గదిలో ఉండే ఆ అబ్బాయిని లేపి, ఆటో పిలిపించి, ఓ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఆయన్ని చక్రాల మంచం మీద లోపలికి తోసుకెళ్ళారు. నేను సంచీలో కార్డూ, పాత ఇ.సి.జి.లూ, చీటీ పాడిన డబ్బు ఇరవై వేలూ పెట్టుకుని కౌంటరు ముందు నిలబడ్డాను.

"మెయిన్ కార్డ్ హోల్డర్ సంతకం కావాలి మేడమ్" అన్నాడు కౌంటర్లో అబ్బాయి.

"ఆయనే బాబూ లోపలున్నది. నేను భార్యని. నేను పెడతాను."

కంప్యూటర్లో చూసి అన్నాడు గదా, "మీరు డిపెండెంట్ అని ఉంది మేడమ్. వేరే రెస్పాన్సిబుల్ పర్సన్ ఎవరైనా ఉన్నారా?"

ఉన్నాడండీ. ఉద్యోగం ఇంకా కుదరని, మూడు నెలల అద్దె బాకీ ఉన్న, ఆ పూట చెప్పుల్లేకుండా వచ్చేసిన మా మేడమీది కుర్రాడు ఉన్నాడు. "ఈ అబ్బాయి పెడతాడా?" అంటే "ఓకే" అన్నాడు. సంతకం అతనిది, డబ్బు నాది. ఆ అబ్బాయి పాపం బెదిరిపోయి, "ఆంటీ, నేనెట్ల పెడత?" అన్నాడు. "పెట్టు నాయనా, ఈ పూటకి నువ్వే మా ఇంటి పెద్దవి" అన్నాను. ఆయనకి నయమైంది, ఇంటికొచ్చారు, అంతా బాగానే ఉంది. అబద్ధమెందుకూ, ఆ కౌంటరు ముందు నాకు కలిగిన భయం ఇంకా పోలేదు. గుండెనొప్పి చూసి కలిగిన భయం ఒకటైతే, ఒక్క మాట అడ్డం పడి ఆయనకీ నాకూ మధ్య తలుపు వేసేస్తుందేమోనన్న భయం ఇంకొకటి.

ఇంకో విచిత్రం వినండి. కేంద్ర ప్రభుత్వోద్యోగుల వైద్య నిబంధనల్లో, ఇంట్లో ఇతరుల్ని చేర్చాలంటే వాళ్ళ ఆదాయం నెలకి 9,000 రూపాయలూ, దాని మీద కరువు భత్యమూ దాటకూడదని 2016 లో నిర్ణయించారు. అమ్మకీ నాన్నకీ వర్తించే ఆ షరతు భార్యకీ భర్తకీ లేదు. సంపాదిస్తున్నా, సంపాదించకపోయినా దంపతులు దంపతులే. అంటే భార్య ఆధారపడి ఉందని రుజువు చేసుకోవలసిన పనే అక్కడ లేదు. రూలు అడగని అవమానాన్ని మన నోళ్ళూ, మన కౌంటర్లూ ఉచితంగా పంచిపెడుతున్నాయి.

మాకు పాలు పోసే ఆవిడ పాత బాలాపూర్ ఊళ్ళో మనిషి. నాలుగు గేదెలు. ఆమె ముందు ఈ గోడు వెళ్ళబోసుకుంటే ఫక్కున నవ్వింది. "మా ఇంట్ల నేనేనమ్మా పెద్ద. రేషన్ కార్డుల నా పేరే ముందుగాల ఉంది. మా ఆయన పేరు నా కింద రాసిన్రు."

"మరి ఆయన ఏమనలేదా?"

"ఏమంటడు? బియ్యం వస్తున్నయ్ గద!"

నిజమే. 2013 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం రేషన్ కార్డులో ఇంటి పెద్దగా రాయవలసింది పద్దెనిమిదేళ్ళు నిండిన ఆడవాళ్ళలో అందరికన్నా పెద్దామెని. ఒక బీరువాలో ఉన్న కాగితం ఆడదాన్ని ఇంటి పెద్ద అంటుంది, పక్క బీరువాలో ఉన్న కాగితం డిపెండెంటు అంటుంది. మనిషి మారలేదు, ఫారం మారింది. అందుకే చెబుతున్నా, ఈ డిపెండెంట్ అన్నది మన గుణం కాదు, జాతకం కాదు. ఎవరి ఖర్చు ఎవరి పద్దులో రాయాలో గుమాస్తాకి తెలియడానికి గీసుకున్న గీత. పద్దుపుస్తకంలో ఉండవలసిన గీతని మన నుదుటి మీదికి ఎందుకు తెచ్చుకోవాలి?

పద్దు అనగానే 1994 గుర్తొస్తుంది నాకు. మా బాలాపూర్ గణపతి లడ్డు వేలం మొదలైంది ఆ సంవత్సరమే. ఆ ఏడు లడ్డు 450 రూపాయలకి పోయింది. అదే 1994 లో మోటారు వాహనాల చట్టానికి ఒక పట్టిక చేర్చారు. ప్రమాదంలో సంపాదన లేని భార్య పోతే, ఆమెకి ఎంత ఆదాయం ఉన్నట్టు లెక్కవేయాలీ అన్నది అందులో ఒక అంశం. భర్త సంపాదనలో మూడో వంతు! అంటే గుమాస్తా భార్య వండిన పప్పుకి ఒక ధర, కలెక్టరు భార్య వండిన పప్పుకి ఇంకో ధర. ఉప్పు మాత్రం ఇద్దరూ ఒకటే వేస్తారు. తర్వాత ఆ పట్టికను మార్చారులెండి. మా లడ్డు మటుకు ఏటేటా పెరిగి 2025 లో 35 లక్షలు పలికింది. ఇరవయ్యొక్క కిలోల లడ్డూకి చూస్తూ చూస్తూ విలువ కట్టగలిగిన దేశంలో, రోజూ వండి వార్చే చేతికి విలువ కట్టమంటే లెక్క తెగలేదు.

కోర్టులు అప్పుడప్పుడూ గట్టిగానే అన్నాయి. 2001 జనాభా లెక్కల్లో ఇల్లాళ్ళని బిచ్చగాళ్ళతోనూ ఖైదీలతోనూ కలిపి "పని చేయనివారు" అని ఒకే గాటన కట్టారని 2010 లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. 2021 జనవరిలో ఇంకో తీర్పు వచ్చింది. ఢిల్లీలో 2014 లో బండి మీద వెళుతూ ప్రమాదంలో పోయిన దంపతుల కేసు అది. ఆ ఇల్లాలి పనికి ఏ లెక్క కట్టాలన్న చోట మన తెలుగాయన, జస్టిస్ ఎన్.వి.రమణగారు విడిగా ఒక తీర్పు రాశారు. 2011 జనాభా లెక్కల్లో ఇంటిపనే తమ ముఖ్యమైన పని అని చెప్పినవాళ్ళలో ఆడవాళ్ళు దాదాపు 16 కోట్లు, మగవాళ్ళు 58 లక్షల లోపు అని ఆయన ఎత్తిచూపారు. 2019 లో ప్రభుత్వం చేయించిన కాలవినియోగపు సర్వేనీ ఉదహరించారు. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలూ, మగవాళ్ళు 97 నిమిషాలూ ఖర్చు పెడుతున్నారట. పిల్లల్నీ పెద్దల్నీ కనిపెట్టుకోవడం దీనికి అదనం. మా వారికి ఈ అంకె చదివి వినిపిస్తే, "తొంభై ఏడా! అంతసేపు ఎవరు చేస్తున్నారు?" అని నిజంగానే ఆశ్చర్యపోయారు. నిజాయితీపరుడు, దాన్ని కాదనను.

ఇవన్నీ ఒక ఎత్తు, మా అమ్మాయి ఒక ఎత్తు. అది ఇంజనీరింగు చదివి, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగు తీసుకుని, మాదాపూర్‌లో నాలుగేళ్ళు ఉద్యోగం చేసింది. నెలనెలా నా చేతిలో ఐదు వేలు పెట్టేది. పెళ్ళయి అమెరికా వెళ్ళింది. అల్లుడిది హెచ్1బి, దీనిది హెచ్4. "డిపెండెంట్ వీసా" అంటారు మనవాళ్ళు. మేమూ వీధిలో మిఠాయి పంచి మరీ చెప్పుకున్నాం, అమ్మాయికి డిపెండెంట్ వచ్చిందని! ఆ మాటకి అక్కడ అర్థం వేరని తర్వాత తెలిసింది. ఇక్కడ డిపెండెంట్ అంటే సంపాదించడం లేదని అర్థం. అక్కడ సంపాదించకూడదని అర్థం. 2015 మే 26 నుంచి కొందరికి పనిచేసే వీలు కల్పించారు, నిజమే. అదీ భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక మెట్టు దాటితేనో, ఆరేళ్ళు దాటి అతని వీసా పొడిగిస్తేనో. ఆ వీలునీ తీసేయాలని కోర్టుకెక్కినవాళ్ళున్నారు. 2024 ఆగస్టులో అప్పీలు కోర్టు ఆ రూలు చెల్లుతుందని చెప్పింది. అలా అనుమతి పొందినవాళ్ళలో అత్యధికులు మన దేశం ఆడపిల్లలే. ఎందరి చదువులు ఎన్నేళ్ళు డబ్బాలో పెట్టిన పట్టుచీరల్లా మడతల్లో ఉన్నాయో!

మా అమ్మాయి మూడేళ్ళు ఇంట్లో ఉంది. ఒకనాడు ఫోన్లో, "అమ్మా, ఇవాళ నా పాత కంపెనీ బ్యాగ్ దొరికింది. గుర్తింపు కార్డు చూసుకుని ఏడ్చాను. ఆ కార్డు మీద నా పేరు ఒక్కటే ఉందమ్మా, ఇంకెవరి పేరూ లేదు" అంది. నేను ఏం చెప్పగలను? "ఏడవకు, వేళకి తిను" అన్నాను. తల్లులకి వచ్చిన ఉపాయం అంతే. అల్లుడు మంచివాడే. "ఎంత కావాలంటే అంత వాడుకో" అంటాడు. ఆ "వాడుకో" అన్న మాటలో తప్పేముందో అతనికి ఇప్పటికీ తెలియదు, చెబితే నొచ్చుకుంటాడు. ఇప్పుడు దానికి అనుమతి వచ్చింది, ఉద్యోగంలో చేరింది. మూడేళ్ళ ఖాళీ ఎందుకొచ్చిందని ఇంటర్వ్యూలో అడిగారట.

దీనికి మందు పేరు మార్చడమేనని కొందరంటారు. హౌస్‌వైఫ్ అనకండి, హోమ్‌మేకర్ అనండి అని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒక చిన్న పుస్తకంలోనే చెప్పింది. సంతోషం. మా పక్కింటి పంతులమ్మగారు అప్పట్నుంచీ ఎక్కడ రాయాల్సివచ్చినా హోమ్‌మేకర్ అనే రాస్తున్నారు. కానీ ఆ కింద గడిలో డిపెండెంట్ అన్నది అలాగే ఉంది. ఇంటిని చేసేదీ నేనే, ఇంటికి వేలాడేదీ నేనే అన్నట్టు. ఎర్రటి రిబ్బను కట్టినంత మాత్రాన పాత డబ్బాలో సరుకు మారదు కదా.

"ఏమో తల్లీ, మందులొస్తున్నాయా లేదా? మాటలతో పంచాయితీ ఎందుకు?" అంటారు అదే పంతులమ్మగారు. పాలావిడా చెప్పింది అదే కదా, బియ్యం వస్తున్నాయి గదా అని. తేడా ఏమిటంటే, పాలావిడ మొగుణ్ణి డిపెండెంటని ఎవరూ పిలవరు. అతన్ని ఆపి, బాధ్యత గల మనిషిని తీసుకురమ్మని ఏ కౌంటరూ అడగలేదు. మాట మనకి తగిలిన చోట అతనికి తగల్లేదు, అందుకే అతను నవ్వుతూ బియ్యం తెచ్చుకుంటున్నాడు.

డిపెండ్ అవడం తప్పని నేను అనడం లేదు సుమండీ. క్రియగా ఆ మాటంటే నాకేమీ కోపం లేదు. "వాన మీద డిపెండ్ అయి ఉంది" అంటాం. మా వారు నా మీద కళ్ళజోడుకి డిపెండ్ అవుతారు, నేను ఆయన మీద గ్యాస్ సిలిండర్ ఎత్తడానికి డిపెండ్ అవుతాను. అది పూటపూటకీ మారేది, అటూ ఇటూ నడిచేది. దాన్ని పట్టుకుని నామవాచకం చేసి, ఒక్క మనిషికే తగిలించి, ఇక జీవితాంతం నువ్వు ఇదే అన్నప్పుడే పేచీ. ఫారంలో "కుటుంబ సభ్యులు" అని రాస్తే సిరా ఎక్కువవుతుందా? భార్యాభర్తలిద్దరినీ కార్డుదారులుగా రాస్తే, ఒకరు మంచాన పడ్డప్పుడు ఇంకొకరు సంతకం పెడితే, ఏ ఖజానా కరిగిపోతుంది? బస్సెక్కితే నేనెవరి డిపెండెంటునో కండక్టరు అడగడు. 2023 డిసెంబరు నుంచి ఆధార్ చూసి జీరో టికెట్ ఇస్తున్నారు. ఆ కార్డుకి పేరేమిటో చూశారా? ఆధార్!

ఇలాగే అన్నాను మా వారితో, పప్పు దించి వచ్చి ఎదురుగా కూర్చుని. ఆయన చాలాసేపు ఫారం వంక చూశారు. "అయితే ఇప్పుడేం రాయమంటావు? ఈ గడి ఖాళీగా వదిలేస్తే నీకు కార్డు రాదు" అన్నారు. అదీ నిజమే. నా మోకాళ్ళ మందులు ఆ కార్డు మీదే వస్తాయి. "నా పేరు రాయండి. సంబంధం దగ్గర భార్య అని రాయండి. కింద ఖాళీ ఉంది చూడండి, అక్కడ 'అత్యవసరంలో నా తరఫున సంతకం చేయుటకు నా భార్యకు అధికారం కలదు' అని మీ చేత్తో రాసి సంతకం పెట్టండి" అన్నాను.

"అలా రాయడానికి ఫారంలో చోటు ఇవ్వలేదోయ్."

"మార్జిను ఉందిగా."

మార్జిన్లోనే రాశారు, వంకరటింకరగా, నిలువునా. ఆఫీసులో తీసుకుంటారో, తిప్పి కొడతారో చూడాలి. తిప్పి కొడితే మళ్ళీ రాయిస్తాను. రాయడం పూర్తయ్యాక ఆయన బల్ల మీదా, కిందా, కుర్చీ సందుల్లో తడుముకోవడం మొదలుపెట్టారు.

"ఏమోయ్, ఈ కలం మూత ఏదీ?"

అది ఆయన చెవి మీదే ఉంది. నేను లోపలికెళ్ళి అన్నం వార్చుకున్నాను.